బంగారం సంగతి తర్వాత, ముందు అరలు కట్టించండి

ఖమ్మం నుంచి అడిగిన తమ్ముడికి: మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివారు. ఆరేళ్లుగా సెల్‌ఫోన్ రిపేరు షాపులో చేస్తున్నారు. చేతిలో 4 లక్షలు ఉన్నాయి. మొదటి అంతస్తులో 300 చదరపు అడుగుల గది చూసుకున్నారు. పాత కంప్యూటర్లు, టీవీలు, ఫోన్లు కొని, బాగయ్యేవి బాగుచేసి అమ్మి, మిగతా వాటి నుంచి రాగి, బంగారం తీద్దామని ఉంది. ఏ మెషీన్లు కొనాలని అడిగారు.

నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒకాయన దగ్గర బల్ల ముందు కూర్చున్నాను. మెషీన్ల గురించి చెప్తాను కానీ, మొదటి రెండేళ్లలో నాకు పోయిన డబ్బు మెషీన్ల వల్ల పోలేదు. సామాను పేరుకుపోవడం వల్ల పోయింది.

ఎలాగంటే, షాపు పెట్టిన కొత్తలో ఒక కాలేజీ ల్యాబ్ ఖాళీ చేస్తుంటే 40 డెస్క్‌టాప్‌లు ఒకే లాటుగా కొన్నాను. పద్దెనిమిది నడిచాయి, అమ్మేశాను. మిగతావి విప్పి ర్యాములు, ఎస్ఎంపీఎస్‌లు (లోపలికి కరెంటు ఇచ్చే డబ్బాలు), కేబుళ్లు, డీవీడీ డ్రైవులు "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి" అని అట్టపెట్టెల్లో వేశాను. ఆరు నెలల్లో ఆ పెట్టెలు స్లాబును తాకాయి. ఒకరోజు ఒక కస్టమర్ డెస్క్‌టాప్‌కి డీడీఆర్3 ర్యాము కావాల్సి వచ్చింది. నా దగ్గర ఉందని ఖాయంగా తెలుసు. రెండు గంటలు వెతికి, చెమటలు కక్కి, చివరికి పక్క షాపులో 600 పెట్టి కొనుక్కొచ్చాను. నెలకు 6 వేలు అద్దె కట్టి నేను దాచుకున్నది ఏమిటో ఆ రోజు అర్థమైంది.

ఈ వ్యాపారంలో రిపేరు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చిన వస్తువును ఒక్కరోజులో "నువ్వు ఇటు, నువ్వు అటు" అని తేల్చేవాళ్లు తక్కువ. అందుకే మెషీన్ల కంటే ముందు ఇనుప అరలు కొనమంటున్నాను. మా షాపులో తలుపు దగ్గర ఒక చిన్న టేబుల్ ఉంటుంది. ఏ వస్తువైనా ముందు అక్కడే ఆగాలి. నంబరు స్టిక్కరు అంటించి, రిజిస్టర్‌లో తేదీ, ఎవరు ఇచ్చారు, సీరియల్ నంబరు, ఎంతకు కొన్నాం అన్నది రాశాకే లోపలికి వెళ్తుంది. ఇరవై నాలుగు గంటల్లో అది నాలుగు అరల్లో ఏదో ఒకదాంట్లోకి పోవాలి. తుడిచి అమ్మేయదగ్గది, గంట పనితో లేచేది, విడిభాగాలకు పనికొచ్చేది, స్క్రాప్. ఒక్కో అరకు ఒక్కో రంగు పెయింట్ వేశాను. గడువు కూడా ఉంది. విడిభాగాల అరలో తొంభై రోజులు ఎవరూ అడగనిది స్క్రాప్‌లోకి పోతుంది. మనసు ఒప్పదు, నాకు ఇప్పటికీ ఒప్పదు. అయినా పంపిస్తాను.

ఇక మీరు చూసిన గది. మొదటి అంతస్తు వద్దు. పాత డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు మెట్ల మీద మోయించడానికి మనుషులు కావాలి, ప్రతి లాటుకీ ఆ కూలి మీ జేబులోంచే పోతుంది. పైగా బ్యాటరీ పొగ లేచిందంటే వెంటనే బయట వీధిలోకి విసిరే దారి ఉండాలి. మెయిన్ రోడ్డు అక్కర్లేదు, సందులో అయినా కింద గది, షట్టర్, వెనక ఒక కిటికీ ఉంటే చాలు. సోల్డరింగ్ బల్ల ఆ కిటికీ పక్కనే వేసి, పొగ బయటికి లాగే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. పాత బిల్డింగుల్లో సాకెట్‌కు మూడో కన్ను ఉంటుంది, వెనక వైరు ఉండదు.

పనిముట్లకు 50 వేలు దాటనివ్వకండి. టెంపరేచర్ సెట్ చేసుకునే సోల్డరింగ్ స్టేషన్, హాట్ ఎయిర్, మంచి మల్టీమీటర్, 30 వోల్టుల 5 ఆంపియర్ల డీసీ పవర్ సప్లై, యాంటీ స్టాటిక్ మ్యాట్, బ్లోయర్, స్క్రూడ్రైవర్ సెట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్ షాపులో చేశారు కాబట్టి వీటిలో సగం మీ చేతికి అలవాటే. బోర్డు మీద పెద్ద చిప్‌లు తీసి మళ్లీ అతికించే బీజీఏ మెషీన్ ఇప్పుడు కొనొద్దు. దాని మీద ఒక చిప్ ఎక్కించే సమయంలో నాలుగు లాప్‌టాప్‌లు శుభ్రం చేసి అమ్మొచ్చు. బోర్డు లోతైన పని ఏదైనా వస్తే బయట చేసేవాళ్లకు ఇవ్వండి.

ఒక్క పనిముట్టు మాత్రం షాపులో దొరకదు, మీరే చేసుకోవాలి. అది సీరీస్ బల్బు బోర్డు. ఒక చెక్క మీద హోల్డర్, పాతకాలం 100 వాట్ల ఫిలమెంటు బల్బు, సాకెట్. ఫేజు వైరు బల్బు గుండా సాకెట్‌కు పోవాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఎన్నాళ్లుగానో మూలన పడున్న ఎస్ఎంపీఎస్‌ను నేరుగా కరెంటుకు పెడితే పేలొచ్చు. ఈ బోర్డులో పెట్టి స్విచ్ వేస్తే బల్బు ఒక్కసారి తళుక్కుమని మందగిస్తే సరే, లోపల షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది. విప్పేముందు ఇంకో మాట. ఎస్ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా 300 వోల్టుల పైన పట్టుకుని ఉండొచ్చు. ఫోన్లు చేసిన చేతులకు ఈ భయం ఉండదు, ఎందుకంటే ఫోన్లో నాలుగు వోల్టులకు మించి పెద్దగా చూసి ఉండరు. మైక్రోవేవ్ ఓవెన్ల జోలికి అసలు పోవద్దు.

కొనడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే లాభం తేలేది అక్కడే.

మొదటి ఏడాది లాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, మానిటర్లకే కట్టుబడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. అందుకే ఆరో తరం, ఏడో తరం మెషీన్లు ఆఫీసుల నుంచి కుప్పలుగా బయటికి వస్తున్నాయి. "ఐ5, 8 జీబీ, బాడీ కొత్తదానిలా ఉంది" అని మీకు అంటగట్టాలని చూస్తారు. మోడల్ నంబరులో ఐ5 పక్కన 8తో మొదలైతే ఒక రేటు, 6తో మొదలైతే దానిలో సగం కూడా కాదు. ఏడో తరం, అంతకు కిందివి కొనాల్సి వస్తే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి, ఆ మాట చెప్పి, టైపింగ్ సెంటర్లకీ, బిల్లింగ్ కౌంటర్లకీ అమ్మండి. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్మితే అప్‌డేట్ ఆగిన రోజు ఆ కస్టమర్ మీ షట్టర్ ముందే ఉంటాడు.

ఆఫీసు రకాలు, అంటే లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ లాంటివి చూసుకోండి. విడిభాగాలు దొరుకుతాయి, విప్పడం సులువు, స్క్రీన్ మడిచే కీలు విరగదు. ఇంట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ లాప్‌టాప్‌లలో స్క్రీన్ కీలు దగ్గర బాడీ చీలి ఉంటుంది, దాన్ని గమ్‌తో అతికించి తెస్తారు. స్క్రీన్‌ను నిదానంగా మూసి తెరిచి చెవి పెట్టి వినండి.

లాప్‌టాప్‌లకు లోపల వేసి ఉండే తాళాల సంగతి లక్షన్నర పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒకసారి ఒక మధ్యవర్తి దగ్గర 22 లాప్‌టాప్‌లు కొన్నాను. అన్నీ ఆన్ చేసి చూపించాడు, డెస్క్‌టాప్ దాకా వచ్చాయి. షాపుకు తెచ్చి కొత్తగా విండోస్ వేసి వైఫై కలిపితే తొమ్మిదింటి తెర మీద ఒక కంపెనీ పేరు, "మీ ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి" అని. అవి ఆ కంపెనీ సర్వర్‌కు కట్టేసి ఉన్నాయి, వాళ్లు విడిపించలేదు. మరో మూడింటికి బయాస్ పాస్‌వర్డ్, అంటే బోర్డులోనే వేసిన తాళం. మధ్యవర్తి ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు నేను లాటు చూడ్డానికి వెళ్తే పెన్‌డ్రైవ్, ఫోన్ హాట్‌స్పాట్ తీసుకుని వెళ్తాను. ఐదింట ఒకటి చొప్పున నేనే ఏరి, అక్కడే విండోస్ మళ్లీ వేసి నెట్ కలిపి చూస్తాను. "టైం లేదు సార్, బండి వచ్చేసింది" అన్నారంటే దండం పెట్టి వచ్చేస్తాను. నెట్ కలపడం కుదరకపోతే, ఇచ్చే సంస్థ లెటర్‌హెడ్ మీద సీరియల్ నంబర్లతో "తాళాలు తీసేశాం" అని రాయించుకోండి.

బ్యాటరీకి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. హార్డ్ డిస్క్ ఉంటే ఏమీ ఆలోచించకుండా తీసేసి ఎస్ఎస్‌డీ వేయండి. కొనేవాడు పది సెకన్లలో తెర రావడం చూస్తాడు, మిగతా మాటలన్నీ దాని తర్వాతే. విండోస్‌తో అమ్మిన లాప్‌టాప్‌లలో, విండోస్ 8 కాలం నుంచి, లైసెన్స్ కీ బోర్డులోనే ఉంటుంది కాబట్టి దొంగ కీల అవసరం రాదు.

ఫోన్లు మీకు బాగా వచ్చు, నాకంటే. అయినా మొదటి ఏడాది వద్దంటున్నాను, కారణం రిపేరు కాదు. మా వీధిలోనే ఒక కుర్రాడు 3 వేలకు ఒక ఫోన్ కొన్నాడు, బిల్లు లేదు, అమ్మినవాడి గుర్తింపు కార్డు లేదు. నెల తర్వాత పోలీసులు వచ్చారు. ఫోన్ పోగొట్టుకున్నామె పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించింది, కొత్త సిమ్ పడగానే జాడ తెలిసింది. ఫోన్ పోయింది, డబ్బు పోయింది, వారం రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాడు. మీరు కొనాలనుకుంటే *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐ నంబరును సంచార్ సాథీలో చూసి, ఆధార్ కాపీ మీద సంతకం తీసుకుని, అమ్మినవాడి ఎదుటే గూగుల్ లేదా ఐక్లౌడ్ అకౌంటు తీయించి, అప్పుడు డబ్బు ఇవ్వండి. ఐఎంఈఐ మార్చే బాక్సులు అమ్మేవాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది.

డేటా. ఒక రిటైర్డ్ మాస్టారు తన పాత కంప్యూటర్ ఇచ్చి వెళ్లారు. ఫార్మాట్ చేసేముందు ఎందుకో తెరిచి చూశాను. చనిపోయిన భార్య ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. ఫోన్ చేస్తే "పిల్లలు కాపీ చేసుకున్నారేమో అనుకున్నా బాబూ" అన్నారు. ఎవరూ చేసుకోలేదు. అప్పటినుంచి ఇళ్ల నుంచి వచ్చే ప్రతి డిస్క్‌ను పది రోజులు అలాగే ఉంచి, ఒకసారి ఫోన్ చేసి అడిగాకే చెరిపేస్తున్నాను. నా తొందర సూత్రానికి ఇదొక్కటే మినహాయింపు. చెరపడం అంటే క్విక్ ఫార్మాట్ కాదు. హార్డ్ డిస్క్ అయితే మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాలి. ఎస్ఎస్‌డీకి ఆ పద్ధతి సరిపోదు, సెక్యూర్ ఎరేజ్ కమాండ్ ఇవ్వాలి. నడవని డిస్క్‌కు డ్రిల్లుతో మూడు రంధ్రాలు. ఆఫీసులకు సీరియల్ నంబర్లతో ఒక కాగితం మీద "ఇవి ఫలానా తేదీన చెరిపాం" అని సంతకం పెట్టి ఇవ్వండి. నాకు రెండో లాటు తెచ్చిపెట్టింది రేటు కాదు, ఆ కాగితం.

ఇప్పుడు మీ బంగారం. యూట్యూబ్‌లో ఆసిడ్ గిన్నెలో బంగారు రేకులు తేలే వీడియోలు నేనూ చూశాను. అందులో ఎవరూ ఆసిడ్ ఎంత అయ్యింది, ఎన్ని కిలోల బోర్డులకు ఎంత వచ్చింది, మిగిలిన నీళ్లు ఎక్కడ పోశారు అన్నది చెప్పరు. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో రాంగంగ ఒడ్డున ఈ పనే చేసి నేల, నీరు, మనుషుల ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. నైట్రిక్ ఆసిడ్ పొగ గొంతులో పడ్డ గంటకు బాగానే ఉన్నట్టు ఉంటుంది, రాత్రికి ఊపిరి అందదు. మూడొందల అడుగుల గదిలో చేసే పని కాదిది. రాగి కోసం వైర్లు కాల్చడం కూడా అంతే. వైరు తొక్క పీవీసీ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, పైగా కాలిన రాగికి కాటా దగ్గర రేటు తగ్గిస్తారు. వైరు తొక్కతోనే అమ్మండి, లేదా చేత్తో తిప్పే స్ట్రిప్పర్ కొనండి.

బోర్డులు విరగ్గొట్టకుండా, రకాలుగా వేరుచేసి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు కిలోల లెక్కన ఇవ్వండి. వేరుచేయడంలోనే మీకు డబ్బు ఉంది. ప్రాసెసర్లు, ర్యాములు ఒక డబ్బా, ఫోన్ బోర్డులు ఒకటి, కంప్యూటర్ ఆకుపచ్చ బోర్డులు ఒకటి, టీవీల గోధుమరంగు బోర్డులు ఒకటి. అన్నీ కలిపి గోనెసంచిలో వేస్తే మొత్తానికి అన్నిటికన్నా తక్కువైన గోధుమరంగు రేటే కడతారు. పాత పిక్చర్ ట్యూబు టీవీలు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ట్యూబు గాజులో సీసం ఉంటుంది. మెడ దగ్గర రాగి చుట్ట ఒలుచుకుని గాజును కాలవ పక్కన పారేసేవాళ్లను చూశాను. మీరు వాళ్లలో ఒకరు కావద్దు. ఫ్రిజ్‌లు, ఏసీలు కూడా గ్యాసు గొడవ, వదిలేయండి.

ఉబ్బిన లిథియం బ్యాటరీ ఒకటి మా షాపులో నిజంగానే అంటుకుంది. నా దగ్గర చేసే పిల్లవాడు దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయాడు, మొన గుచ్చుకుంది. బుస్‌మని తెల్లటి పొగ, వెంటనే మంట. షట్టర్ పక్కన ఇసుక బకెట్ ఉంది కాబట్టి పటకారుతో దాంట్లో పడేసి బయటికి లాగాము. పిల్లవాడి వేళ్లకు బొబ్బలు, అంతటితో పోయింది. ఉబ్బినదాన్ని ప్లాస్టిక్ పలకతో, కింద జిగురుకు ఐసోప్రొపైల్ చుక్కలు వేసి, నిదానంగా లేపాలి. తీసిన బ్యాటరీల కొసలకు టేప్ అంటించి, మూత బిగించని ఇనుప డబ్బాలో ఇసుక మధ్య ఉంచండి, నెల దాటకుండా పంపేయండి. పాత సెల్స్ ఏరి పవర్ బ్యాంకులు కట్టి అమ్మే ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. వద్దు.

కాగితాలు. ఈ-వేస్ట్ నిబంధనలు 2022లో మారాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో తయారీదారు, ప్రొడ్యూసర్, రిఫర్బిషర్, రీసైక్లర్ అని నాలుగే రకాలు. 2016 నిబంధనల్లో విప్పి విడదీసేవాళ్లకు విడిగా ఉన్న గుర్తింపు ఇప్పుడు లేదు. మీరు చేసేది రిఫర్బిషర్ పని, అంటే పాతవి బాగుచేసి అమ్మడం; రిజిస్ట్రేషన్ సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో. సూక్ష్మ సంస్థలకు ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, కార్పొరేషన్‌లో ట్రేడ్ లైసెన్స్ తీసుకోండి. అయితే ఏడాదిలో ఎప్పుడైనా వెయ్యి పరికరాలకు తక్కువ కాకుండా వాడే సంస్థలు తమ ఈ-వేస్ట్‌ను రిజిస్టర్ అయినవాళ్లకే ఇవ్వాలి. కాబట్టి పెద్ద ఆఫీసులు మిమ్మల్ని గేటు దగ్గరే ఆ సర్టిఫికెట్ అడుగుతాయి. చిన్న స్కూళ్లు, క్లినిక్‌లు, ఇంటర్నెట్ సెంటర్లు అడగవు, మీ మొదటి సరుకు అక్కడినుంచే. ప్రభుత్వ సంస్థల వేలాలు ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో ఉంటాయి, వాటి జోలికి రెండో ఏడాది దాకా పోకండి.

జీఎస్టీలో ఒక తిరకాసు. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ మన తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. విజయవాడ బంధువు చెప్పాడని 40 అనుకోవద్దు. ఇంకొకటి, చాలామంది ఆడిటర్లు చెప్పరు. పాత సామాను వ్యాపారానికి, కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోకపోతే, 32(5) రూలు ప్రకారం మార్జిన్ మీదే పన్ను కట్టొచ్చు. 10 వేలకు కొన్న లాప్‌టాప్ 14 వేలకు అమ్మితే 14 వేల మీద కాదు, 4 వేల మీదే 18 శాతం. దీనికైనా రిజిస్టర్‌లో ప్రతి వస్తువుకూ కొన్న ధర ఉండాలి. తలుపు దగ్గర టేబుల్ అన్నాను కదా, అందుకు.

అమ్మేటప్పుడు లోపాలు ముందే స్టిక్కర్ మీద రాసేయండి. "బ్యాటరీ గంటా ఇరవై నిమిషాలు, మూత మీద గీత, స్పీకర్ ఒకటే" అని. బేరం తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. వాపసులు తగ్గుతాయి. ముప్పై రోజుల గ్యారంటీ ఇవ్వండి, బ్యాటరీకి తప్ప.

మీ 4 లక్షల్లో అడ్వాన్స్, అరలు, వైరింగ్‌కు 80 వేలు, పనిముట్లకు 50, సరుకుకు లక్షన్నర. మిగిలిన లక్షా ఇరవై ముట్టుకోవద్దు, ఆరు నెలల అద్దె, ఇంటి ఖర్చు అందులోంచే. మార్చి నెలాఖరులో సంస్థలు పాతవి తీసేస్తాయి, జూలై, ఆగస్టులో ఇంజనీరింగ్‌లో చేరే పిల్లల తల్లిదండ్రులు లాప్‌టాప్‌ల కోసం తిరుగుతారు. కొనడం, అమ్మడం ఆ లెక్కన పెట్టుకోండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఇంటి వరండాలోనే పది లాప్‌టాప్‌లతో మొదలుపెట్టి, ఆ పదీ అమ్ముడయ్యాక రిజిస్టర్ పేజీ ఫొటో తీసి పెట్టండి, అమ్మినవాళ్ల పేర్లు, నంబర్లు కనపడకుండా. ఏది ఎన్ని రోజులు ఆగిందో చూసి, గది ఎంతది కావాలో అప్పుడు చెప్తాను.